ఫ్రాంకెన్‌స్టైన్: సినిమా చెప్పిందీ, నవలలో ఉన్నదీ

అపోహ: ఫ్రాంకెన్‌స్టైన్ అంటే ఆ భూతం పేరు. తయారుచేసినవాడు ఓ పిచ్చి డాక్టరు.

వాస్తవం: మేరీ షెల్లీ నవలలో (తొలి ప్రతి 1818, సవరించిన ప్రతి 1831) ఆ పేరు తయారుచేసినవాడిది. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ డాక్టరు కాడు, ఇంగొల్‌స్టాట్ విశ్వవిద్యాలయంలో చదువుకునే కుర్రాడు. అతను చేసిన ప్రాణికి చివరిదాకా పేరే లేదు. పేరైనా పెట్టకుండా వదిలేశాడన్నది కథకు ఆయువుపట్టు.

అపోహ: పిడుగు పడగానే శవం లేచి కూర్చుంటుంది.

వాస్తవం: నవంబరు రాత్రి ఒంటిగంట, కిటికీ మీద చినుకుల చప్పుడు, ఆరిపోబోతున్న కొవ్వొత్తి. అంతే. పరికరాలు ఉన్నాయంటాడు విక్టర్ గానీ అవేమిటో చెప్పడు. రహస్యం అడగొద్దని, తన కథ వింటున్న ఓడ నాయకుడు వాల్టన్‌కు తేల్చి చెప్పేస్తాడు కూడా. అలాగని విద్యుత్తు ఊసే లేదనుకోకండి. పిడుగుకు ముక్కలైన ఓక్ చెట్టును విక్టర్ చిన్నప్పుడే చూస్తాడు. 1831 ప్రతి ముందుమాటలో మేరీ షెల్లీ గాల్వనిజాన్ని, అంటే విద్యుత్తుతో శరీరాన్ని కదిలించడాన్ని, ప్రస్తావించింది. 1803లో లండన్‌లో ఇటలీ శాస్త్రవేత్త ఆల్డీని, ఉరితీసిన ఖైదీ శవానికి కరెంటు పెట్టి దవడ కదిలించి చూపించాడు. ల్యాబ్ నిండా మెరుపులూ మీటలూ మాత్రం 1931 సినిమా చలవే. పొరపాటున నేరస్థుడి మెదడు పెట్టడమూ అక్కడిదే.

అపోహ: శవాల ముక్కలు కుట్టి చేశాడు.

వాస్తవం: సరుకు ఎముకల గదుల నుంచి, డిసెక్షన్ గది నుంచి, కబేళా నుంచి వచ్చింది. అంటే పశువులవీ కలిశాయన్నమాట. ఎనిమిది అడుగుల ఎత్తు ఎందుకంటే, సన్నని భాగాలతో పని నెమ్మదిస్తోందని కొలత పెంచేశాడు. తొందర కోసం డిజైన్ మార్చాడు, ఆ ఎత్తుతో ఆ ప్రాణి మనుషుల్లో ఎలా బతుకుతుందో ఆలోచించలేదు.

అపోహ: అది మూగది, బుద్ధిలేనిది.

వాస్తవం: నవల ఆధారంగా 1823లో వేసిన నాటకంలో మూగగా చూపించారు. నవలలో గోడ సందులోంచి ఓ కుటుంబాన్ని గమనిస్తూ భాష నేర్చుకుంటుంది, ఇంగ్లీషు కవి మిల్టన్‌నూ, ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్‌నూ చదువుతుంది. 1831 ప్రతిలో 11 నుంచి 16వ అధ్యాయం దాకా కథ దాని నోటితోనే నడుస్తుంది.

అపోహ: దేవుడి పనిలో వేలు పెట్టినందుకు శిక్ష పడింది.

వాస్తవం: 1831 ప్రతిలో విధి మాట ఎక్కువ వినిపిస్తుంది కాబట్టి అలా అనిపించవచ్చు. బాధ్యత సంగతి చూడాలంటే 1818 ప్రతి చదవండి. సుమారు రెండేళ్లు పడ్డ కష్టం, అది కన్ను తెరవగానే పరుగు. మర్నాటికి ఏ ఏర్పాటూ లేదు. తమ్ముణ్ని చంపింది ఆ ప్రాణే. ఆ కేసులో ఇరుక్కున్న ఇంటి పనిమనిషి జస్టీన్ నిర్దోషి అని తెలిసీ, పిచ్చివాడనుకుంటారని నోరు మెదపడు. ఆమెకు ఉరి పడుతుంది. స్కాట్లండ్‌కు చెందిన ఆర్క్నీ దీవుల్లో మొదటిదానికి జోడీగా రెండో ప్రాణిని చేస్తూ, సంతానం కలిగితే ఏమవుతుందని మొదటిసారి ఆలోచించి సగంలోనే చీల్చేస్తాడు. అప్పుడూ ఎవరికీ చెప్పడు. పెళ్లి రాత్రి వస్తానని ఆ ప్రాణి చేసిన బెదిరింపు తనకేననుకుని, పెళ్లికూతురు ఎలిజబెత్‌ను హెచ్చరించడు. ఆమె ఆ రాత్రే హతమవుతుంది. ప్రయోగం చేసిన నష్టం కన్నా ఈ మౌనం చేసిన నష్టం ఎక్కువ.

ఉత్తర ధ్రువానికి బయలుదేరిన వాల్టన్ మాత్రం నావికుల మాట విని ఓడ వెనక్కు తిప్పుతాడు, మనసొప్పకపోయినా. విక్టర్ వాళ్లను ముందుకే పొమ్మని రెచ్చగొడతాడు. చనిపోయే ముందు ఆశయాలకు దూరంగా ఉండమని వాల్టన్‌కు చెప్పి, ఆ వెంటనే, తాను ఓడినా మరొకరు నెగ్గవచ్చేమో అంటాడు.