"ఆకలేస్తే అదే తింటుంది" - అపోహలు, వాస్తవాలు

నేను విశాఖలో స్పీచ్ థెరపిస్టుని. మాటలు రాని పిల్లలే మా దగ్గరకు వస్తారనుకుంటారు గానీ, మింగడం కష్టమైన పిల్లలూ వస్తారు. అలాంటి ఇళ్లకు తోడుగా కొందరు తల్లులు, ఒక అమ్మమ్మ, ఇద్దరు నాన్నలు కలిసి ఓ మండలి నడుపుతున్నారు. జీతాలు లేవు. నెలకోసారి ఎంవీపీ కాలనీలో ఒకరి డాబా మీద కూర్చుంటాం.

అపోహ: ఆకలేస్తే అదే తింటుంది.

మామూలుగా మారాం చేసే పిల్లలైతే నిజమే. నెలలు నిండకుండా పుట్టినా, గుండె జబ్బు ఉన్నా, తిన్నది గొంతులోకి ఎగదన్నుతున్నా, ఆకలి ఒక్కటే సరిపోదు. 2019లో అంతర్జాతీయ నిపుణులు ఇచ్చిన నిర్వచనం ఈ సమస్యను నాలుగు వైపుల నుంచి చూడమంటుంది: జబ్బు, పోషణ, నమిలి మింగే నేర్పు, మనసూ ఇల్లూ. మన ఇళ్లలో ఐదోది ఒకటుంది లెండి, తల్లికి పెట్టడం చేతకాదని.

అపోహ: కాళ్ల మీద పడుకోబెట్టి పోస్తేనే కడుపు నిండుతుంది.

గాజువాకలో ఒకింట్లో నా కళ్లముందే జరిగింది. నాయనమ్మ కాళ్లు చాపి, పది నెలల పాపను వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో పోస్తోంది. రెండో గుక్కకే దగ్గు, కళ్లలో నీళ్లు. ఏడుపు కూడా గొంతులో నీళ్లున్నట్టు గరగరమంటూ వచ్చింది. ఆవిడ మాడు మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంది. రోజూ పూటపూటకీ పొలమారుతుంటే అది తలుచుకోవడం కాదు, తిండి ఊపిరితిత్తుల వైపు పోతోందేమో చూడాలి. మాటిమాటికీ నిమ్ము చేయడం ఇంకో గుర్తు. కొందరికైతే దగ్గు కూడా రాదు.

నిటారుగా కూర్చోబెట్టమని మూడుసార్లు చెప్పాను, వినలేదు. మా మండలి అమ్మమ్మ వెళ్లి, "మేమూ ఇలాగే పోశాం వదినా, మా గుంటడికి రెండుసార్లు నిమ్ము చేసింది" అంది. గిన్నె కిందికి దిగింది. నా చదువు చేయలేని పని అది.

అపోహ: ముక్కులో గొట్టం వేస్తే ఇక నోటితో తినరు.

గొట్టం బలం కోసం. డాక్టరు సరేనంటే, నోటితో రుచి చూపించడం పక్కనే సాగుతుంది.

అపోహ: మండలివాళ్లు థెరపీ చెప్పేస్తారు.

ఒకసారి అదే పొరపాటు జరిగింది. తన బాబుకి పనిచేసిన తిండి చిక్కదనమే మా సభ్యురాలు ఇంకో తల్లికి చెప్పింది. ఆ పాపకు పడలేదు. అప్పటినుంచి కొలత, చిక్కదనం, మందు, ఈ మూడింటి మీద నోరు విప్పకూడదని నియమం. చేసే పనులు వేరు. పాడేరు నుంచి వచ్చినవాళ్లకు విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఓపీలో తోడుంటారు. ఏం పెట్టారు, ఎంతసేపు పట్టింది, ఎప్పుడు దగ్గింది అని మూడు రోజులు నోట్‌బుక్‌లో రాయిస్తారు. "ఏటీ తినదమ్మా" అన్న మాట కంటే ఆ మూడు పేజీలే డాక్టరుకి పనికొస్తాయి.

ఇప్పుడు మాకు కొరత నాన్నలది. నెలలో ఒక్క ఆదివారమే, రెండు గంటలు. బీచ్ రోడ్డు ఎక్కడికీ పోదు.