కవర్ కింద నిలబడిన కారు

"మావయ్యా, పన్నెండేళ్ల బండైనా తిరిగింది 22 వేల కిలోమీటర్లే!" అంటూ మా మేనల్లుడు నన్ను లాసన్స్ బే కాలనీకి లాక్కెళ్లాడు. సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక ఇంటి ముందు, రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు కవర్ కప్పుకుని ఉంది. వాడి దృష్టంతా ఆ 22 వేల మీదే. నా దృష్టి మాత్రం కవర్ మీద పడింది. విశాఖలో పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు బాగా తిరిగిన బండి కన్నా చాలాకాలం నిలబడిపోయిన బండినే ఎక్కువ అనుమానించాలని నా గట్టి నమ్మకం.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఇనుము ఒకచోట ఎలక్ట్రాన్లను వదులుతుంది, ఇంకోచోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. మధ్యలో ఉప్పునీరు ఉంటే విద్యుత్తు సులువుగా పారుతుంది, పని వేగంగా జరిగిపోతుంది. దీనికి వాన కూడా అక్కర్లేదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుని కరుగుతుంది. ముసురు పట్టినప్పుడు వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది ఇందుకే. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం తేమ చాలు. రోజూ తిరిగే బండికి గాలి తగులుతుంది, వానకు ఉప్పు కడుక్కుపోతుంది. కవర్ కింద ఉన్న బండికి ఆ రెండూ ఉండవు.

కాబట్టి మెరిసే బానెట్ దగ్గర నిలబడి లాభం లేదు, వంగి చూడాలి. తలుపు అడుగు అంచులో నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఆ కారుకు అవి మట్టితో పూడుకుపోయాయి. అంచు వెంట వేలు పెట్టి లాగితే గోరు కింద ఎర్రటి పొడి చేరింది. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పెయింట్‌ను లోపలి నుంచి పైకి నెడుతుంది. బయట చిన్న బుడిపె కనిపించిందంటే లోపల పని ఎప్పుడో మొదలైందన్నమాట. చక్రాల పైనున్న వంపులు, తలుపు కింది రన్నింగ్ బోర్డు, డిక్కీలో స్టెప్నీ కింది గుంట కూడా తడిమి చూడాలి.

టింకరింగ్ చేసి లప్పం పెట్టి పెయింట్ వేస్తే కంటికి తెలియదు, అయస్కాంతానికి తెలుస్తుంది. మెత్తటి గుడ్డలో చుట్టి రేకు మీద నడిపిస్తే, లప్పం మందంగా ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. కంపెనీ పెయింట్ మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే రెండు వెంట్రుకలంత. లప్పం ఉంటే మందం కొలిచే గేజ్‌లో అంకె వెయ్యి కూడా దాటుతుంది. అయితే అయస్కాంతం అంటుకోని ప్రతిచోటా మోసం జరిగిందని అనుకోకండి. 2006లో వచ్చిన రెండో తరం ఆడి టీటీకి ముందు భాగమంతా అల్యూమినియమే, ఉక్కు వెనక వైపు ఉంటుంది. ఇలా రెండు లోహాలు కలిసేచోట ఉప్పునీరు చేరితే ముందు అల్యూమినియమే అరిగి, తెల్లటి పొడి రాలుతుంది. మన హార్బర్‌కు వచ్చే ఓడల అడుగున జింకు దిమ్మలు బిగించడం కూడా ఈ సూత్రంతోనే. జింకు ముందుగా కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది.

సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగండి. వరద నీట మునిగిన బండైతే ఎప్పుడూ చుట్టలోనే ఉండిపోయే ఆ ఆఖరి జానెడులో బురద గీత దొరకవచ్చు. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2318 అంటే 2018లో 23వ వారం. గాడులు కొత్తగా ఉన్నా రబ్బరు వయసు ఆగదు. బ్రేక్ ఆయిల్ కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కు పడిపోవచ్చు. సింహాచలం ఘాట్ దిగేటప్పుడు ఆ నీరు మరిగి ఆవిరై బ్రేకు మెత్తబడితే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. కారు పుట్టి 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి, ఆ కాగితాలూ అడగండి.

ఇంజిన్‌ను మనం వెళ్లేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాలి, చల్లగా ఉన్నప్పుడే దాని అసలు గుణం బయటపడుతుంది. మా మెకానిక్ స్పార్క్ ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి, కొలిచాడు. చాలా పెట్రోల్ ఇంజిన్లలో అది 10 నుంచి 13 బార్లు (బార్ అంటే ఒత్తిడి కొలమానం) వస్తుంది. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, అది పది శాతం లోపు ఉండాలి. మాకు వచ్చినవి 12, 12, 9, 12. మూడోదాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే 11కు ఎక్కింది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులకూ సిలిండర్ గోడకూ మధ్యనున్న సందును ఆయిల్ కాసేపు మూసింది కాబట్టి లోపం అక్కడే. అంకె పెరగకపోయుంటే వాల్వులను అనుమానించాల్సి వచ్చేది. చాలాకాలం కదలని ఇంజిన్‌లో మసి, జిగురు పిస్టన్ గాడుల్లో గట్టిపడి రింగులను పట్టేస్తాయి.

"వాడక అలా అయిందండీ, నాలుగు రోజులు నడిపితే సర్దుకుంటుంది" అన్నారు ఓనరు గారు. ఒక్కోసారి నిజంగానే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఇంజిన్ విప్పాలి. ఆ ఖర్చు, తలుపుల పని ఖర్చు తీసేసి ధర చెప్పమన్నాడు మావాడు. ఆయన ఆలోచించుకుంటానన్నారు. వచ్చేస్తూ, కవర్‌ను కాసేపు ఎండలో ఆరేయమని చెప్పాం. పదకొండు గంటలైనా లోపలివైపు ఇంకా తడిగానే ఉంది.