డార్ట్స్ టోర్నమెంట్లు: పురుషుల, మహిళల పోటీలపై అపోహలు - వాస్తవాలు

డార్ట్స్ టోర్నీల్లో స్కోరు చూసే పని నాది. బోర్డు పక్కనే నిలబడతాను కాబట్టి ప్రేక్షకుల మాటలు బాగానే చెవిన పడతాయి. వాటిలో మహిళల ఆట గురించి అనే మాటలే నన్ను ఎక్కువ బాధపెడతాయి, అందుకే ముందు వాటి సంగతి చూద్దాం.

అపోహ: మహిళలకు గీత కాస్త దగ్గరగా ఉంటుంది.

ఉండదు. బోర్డు నడిమధ్యన ఉండే బుల్ నేల నుంచి 1.73 మీటర్ల ఎత్తులో, నిలబడే గీత బోర్డుకు 2.37 మీటర్ల దూరంలో ఉంటాయి. ఎవరికైనా అంతే. ఇద్దరూ 501 పాయింట్ల నుంచి సున్నాకి దిగాలి, చివరి డార్ట్ డబుల్‌లోనే (అంకెకు రెట్టింపు ఇచ్చే పట్టీ) పడాలి. తేడా ఉండేది మ్యాచ్ నిడివిలో. చాలా టోర్నీల్లో మహిళలకు సెట్లు, లెగ్‌లు తక్కువ (501 నుంచి సున్నా దాకా ఆడే ఒక్కో ఆట లెగ్, కొన్ని లెగ్‌లు కలిస్తే సెట్). నన్నడిగితే ఇది మారాలి. మ్యాచ్ చిన్నదైతే వెనకబడ్డ మంచి ప్లేయర్‌కి కోలుకునే టైమే దొరకదు.

అపోహ: బలం చాలదు కాబట్టి మహిళలు పురుషుల మీద గెలవలేరు.

ప్రొఫెషనల్స్ వాడే డార్ట్ ఎక్కువగా 20 నుంచి 26 గ్రాముల మధ్య ఉంటుంది. దాన్ని విసరడానికి కండలతో పనేముంది? 2019 డిసెంబరులో లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో ఫాలన్ షెరాక్ మొదట టెడ్ ఎవెట్స్‌ను, తర్వాత మెన్సూర్ సుల్యోవిచ్‌ను ఓడించింది. పీడీసీ (ప్రొఫెషనల్ డార్ట్స్ కార్పొరేషన్) ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మ్యాచ్ గెలిచిన మొదటి మహిళ ఆమే. 2025లో ప్రపంచ యూత్ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్లో బ్యూ గ్రీవ్స్ 6-5తో లూక్ లిట్లర్‌ను ఓడించింది. అదే ఏడాది జనవరిలో అతను ప్రపంచ ఛాంపియన్ అయ్యాడని గుర్తుంచుకోండి.

మొత్తం మీద సగటు స్కోర్లలో తేడా లేదని అనను. ఉంది. కానీ పురుషుల బీడీఓ (బ్రిటిష్ డార్ట్స్ ఆర్గనైజేషన్) ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1978లోనే మొదలైతే, మహిళలది 2001 దాకా మొదలవలేదు. ఆడేవాళ్లు తక్కువ, పోటీలు తక్కువ, ప్రైజ్ మనీ తక్కువ. తేడా ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే వెతకాలి.

అపోహ: 180లు ఎక్కువ కొట్టినవాళ్లదే మ్యాచ్.

ఒక వంతులో వేసే మూడు డార్ట్‌లూ ట్రిబుల్ 20లో (అంకెకు మూడింతలు ఇచ్చే లోపలి సన్నని పట్టీ) పడితే 180. దానికి చప్పట్లు వస్తాయి, లెగ్‌ను ముగించేది మాత్రం డబుల్. బయటి అంచున ఉండే ఆ పట్టీ వెడల్పు సుమారు 8 మిల్లీమీటర్లే. అందుకే ఆటగాళ్లు చివర్లో ఏ అంకె మిగలాలో ముందే లెక్క వేసుకుంటారు. 32 మిగిలితే సంతోషం. డబుల్ 16కి గురిపెట్టి డార్ట్ లోపలివైపు పడితే 16 పోయి 16 మిగులుతుంది, వెంటనే డబుల్ 8కి వెళ్లొచ్చు. అదీ అలాగే తప్పితే డబుల్ 4, ఆపై డబుల్ 2, డబుల్ 1. అదే 38 మిగిలిందనుకోండి. డబుల్ 19 తప్పి సింగిల్ పడితే మిగిలేది బేసి సంఖ్య, 19. సరి సంఖ్య చేసుకోవడానికే ఇంకో డార్ట్ ఖర్చవుతుంది. ఈలోగా ఎదుటివాళ్లు గీత దగ్గరికి వచ్చేస్తారు. టెన్షన్‌లో లెక్క తప్పి, మిగిలిన దానికన్నా ఎక్కువ కొట్టినా, 1 మిగిల్చినా ఆ వంతు మొత్తం రద్దు. పురుషులైనా మహిళలైనా నేను చూసిన ఓటముల్లో ఎక్కువ భాగం ఇక్కడ జరిగినవే.

అపోహ: నడిమధ్యన తగిలితేనే అత్యధిక పాయింట్లు.

బుల్‌కి 50, ట్రిబుల్ 20కి 60.

అపోహ: కొత్తవాళ్లు కూడా ఎప్పుడూ 20కే గురిపెట్టాలి.

20కి అటూ ఇటూ ఉన్నవి 1, 5. గురి కొద్దిగా పక్కకి పోయినా స్కోరు పడిపోతుంది. చెయ్యి ఇంకా కుదరనివాళ్లకు బోర్డు కింద ఎడమవైపు మేలు. అక్కడ 19, 7, 16, 8, 11, 14 వరుసగా ఉంటాయి కాబట్టి తప్పిన డార్ట్ కూడా ఎంతో కొంత ఇస్తుంది. డార్ట్‌లు ఒకే చోట గుంపుగా పడటం మొదలయ్యాక ట్రిబుల్ 20కి మారండి.