ధర్మసంస్థల పన్ను మినహాయింపు: వాదన వినిపించుకునే హక్కు వెనుక కథ

ధర్మసంస్థల రిజిస్ట్రేషన్ దరఖాస్తులను తిరస్కరిస్తూ ఆదాయపు పన్ను శాఖలోని మినహాయింపుల కమిషనర్లు ఇచ్చే ఉత్తర్వుల్లో తరచుగా ఒక వాక్యం కనిపిస్తుంది: నోటీసులు పంపినా సంస్థ స్పందించలేదు, కాబట్టి దాని కార్యకలాపాలు నిజమైనవని నిర్ధారించుకోవడం సాధ్యం కాలేదు. నోటీసు తమకు చేరనే లేదనో, గడువు చాలలేదనో చెబుతూ సంస్థ ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళుతుంది. మరో అవకాశం ఇచ్చి మళ్లీ విచారించమంటూ ట్రిబ్యునల్ చాలా సందర్భాల్లో ఫైలును కమిషనర్‌కే తిప్పి పంపుతుంది. వాదన వినాలని చట్టంలో స్పష్టంగా రాసి ఉన్నా ఈ పరిస్థితి ఎందుకు వచ్చిందో తెలియాలంటే యాభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 11, 12 సెక్షన్లు ధర్మసంస్థల ఆదాయానికి మినహాయింపు ఇచ్చాయి. అందుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసిన 12ఏ సెక్షన్ 1973 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే దరఖాస్తు వచ్చాక కమిషనర్ ఏం చేయాలో, తిరస్కరించే ముందు ఎవరి మాట వినాలో ఆ సెక్షన్ చెప్పలేదు. విచారణ పద్ధతిని నిర్దేశించిన 12ఏఏ సెక్షన్ 1997 ఏప్రిల్ 1న వచ్చింది. ఆశయాలు, కార్యకలాపాలు నిజమైనవో కావో పరిశీలించే అధికారం కమిషనర్‌కు దక్కింది. సంస్థకు తన వాదన వినిపించుకునేందుకు సహేతుకమైన అవకాశం ఇవ్వకుండా తిరస్కరించరాదన్న షరతు కూడా అందులోనే చేరింది. తిరస్కరణ ఉత్తర్వుపై ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకునే వీలు మాత్రం 1999 జూన్ 1 నుంచే కలిగింది. మధ్యలోని రెండేళ్లూ తిరస్కరణకు గురైన సంస్థకు హైకోర్టులో రిట్ తప్ప చెప్పుకోదగ్గ దారి లేదు. అధికారం ముందు రావడం, దానికి తగిన రక్షణ తర్వాత రావడం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

పన్ను అధికారి అవతలి పక్షం మాట వినాలన్న సూత్రం మాత్రం అంతకంటే చాలా పాతది. ఢాకేశ్వరి కాటన్ మిల్స్ కేసులో 1954లో సుప్రీంకోర్టు, పన్ను అధికారి సాక్ష్య నియమాలకు కట్టుబడనక్కర లేకపోయినా కేవలం ఊహమీద నిర్ణయించరాదని, శాఖ నుంచి అందిన సమాచారాన్ని పన్నుదారుకు చూపకుండా దాన్ని ఆధారం చేసుకోవడం న్యాయం కాదని చెప్పింది. కింది స్థాయిలో వాదన వినకపోవడమనే లోపాన్ని అప్పీలు స్థాయి విచారణ పూడ్చలేదని 1986లో, ఒక చార్టర్డ్ అకౌంటెంట్ క్రమశిక్షణ వ్యవహారమైన ఎల్.కె. రత్న కేసులో తీర్పు వచ్చింది. 2001 నాటి టిన్ బాక్స్ కంపెనీ తీర్పు అదే ధోరణిని పన్ను నిర్ధారణకు వర్తింపజేసింది. ట్రిబ్యునళ్లు ఫైళ్లను వెనక్కి పంపడానికి మూలం ఇక్కడుంది. అందువల్ల తిప్పి పంపడాన్ని ట్రిబ్యునల్ ఉదాసీనతగా మాత్రమే చూడటం సరికాదు.

2004 అక్టోబర్ 1 నుంచి, అప్పటికే ఇచ్చిన రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసే అధికారం కూడా కమిషనర్‌కు వచ్చింది. అంతకుముందు ఆ అధికారం లేనే లేదని, రిజిస్ట్రేషన్ ఇవ్వడం న్యాయనిర్ణయం లాంటి పని కాబట్టి సాధారణ నిబంధనల చట్టాన్ని (జనరల్ క్లాజెస్ యాక్ట్) అడ్డుపెట్టుకుని దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2018లో గ్వాలియర్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ కేసులో తేల్చింది. ఇక 2016 జూన్ 1 నుంచి 115టీడీ సెక్షన్ అమలవడంతో రద్దుకు చెల్లించవలసిన మూల్యం పూర్తిగా మారిపోయింది. రిజిస్ట్రేషన్ పోయిన సంస్థ తన ఆస్తుల మార్కెట్ విలువలో అప్పులు పోగా మిగిలినదానిపై గరిష్ఠ రేటున పన్ను కట్టాలి. దశాబ్దాల కిందట దానంగా వచ్చిన స్థలంలో బడి నడుపుతున్న సంస్థకు ఇది ఉనికికి సంబంధించిన ప్రశ్న. అలాంటి ఉత్తర్వుకు ముందు ఇచ్చే అవకాశాన్ని లాంఛనంగా చూడటం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

2021 ఏప్రిల్ 1 నుంచి 12ఏఏ స్థానంలో 12ఏబీ వచ్చింది. శాశ్వతంగా ఉండే రిజిస్ట్రేషన్లకు అయిదేళ్ల కాలపరిమితి పెట్టారు. కొత్త సంస్థలకు మొదట మూడేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్, తర్వాత పూర్తి పరిశీలన. పాత సంస్థలన్నీ మళ్లీ దరఖాస్తు చేయవలసి రావడంతో గడువులు అనేకసార్లు పొడిగించి చివరకు 2024 జూన్ 30 దాకా తెచ్చారు. ఇదంతా ఈ-ఫైలింగ్ పోర్టల్ మీదనే నడిచింది. ఆడిటర్ మారినా, దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్ చూసే మనిషి మానేసినా నోటీసు వచ్చిన సంగతి చిన్న సంస్థకు తెలియదు. పోర్టల్‌లో నోటీసు పెట్టడంతోనే అందజేత పూర్తయినట్టు కాదని, సంస్థ ఎల్లవేళలా పోర్టల్ తెరిచి చూస్తూ కూర్చోవాలని ఆశించలేమని పంజాబ్ హర్యానా హైకోర్టు 2024లో ఒక ధర్మసంస్థ కేసులో చెప్పింది. నోటీసుల అందజేతకు సంబంధించిన 282 సెక్షన్, 127వ నియమం చెప్పిన పద్ధతిలోనే నోటీసు చేరాలన్నది ఆ తీర్పు సారాంశం.

పరిశీలన పరిధి కూడా పెరుగుతూ వచ్చింది. కొత్త ట్రస్టు ఇంకా పని మొదలుపెట్టకపోయినా చేయదలచుకున్న కార్యక్రమాలను బట్టి రిజిస్ట్రేషన్ ఇవ్వవచ్చని 2020లో ఆనంద సోషల్ అండ్ ఎడ్యుకేషనల్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు అంది. 2022 అక్టోబర్‌లో న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ తీర్పు వేరే దిశలో సాగింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఆ కేసు, వేరే సెక్షన్ కింద ఆమోదం కోరిన విద్యాసంస్థలది. దరఖాస్తు దశలోనే ఆడిట్ అయిన లెక్కలు అడగవచ్చని, రాష్ట్ర ధర్మాదాయ చట్టం కింద నమోదును కూడా చూడవచ్చని కోర్టు స్పష్టం చేసింది. అడిగే పత్రాలు పెరిగాయంటే వాటిని సమకూర్చుకునే వ్యవధి కూడా పెరగాలి. వారం రోజుల గడువుతో అనేక ఏళ్ల బిల్లులు, దాతల వివరాలు, చెల్లింపుల రుజువులు అడిగి, అవి రాలేదని తిరస్కరించడాన్ని సహేతుకమైన అవకాశం అనడం కష్టం.

అప్పీలులో గెలిచిన సంస్థకు కూడా వెంటనే చేతికందేది మరో విచారణే. ఈలోగా విరాళమిచ్చే వారికి పన్ను రాయితీ కల్పించే 80జీ సెక్షన్ ఆమోదం లేక దాతలు వెనకాడతారు. 2025 ఆర్థిక చట్టం చిన్న సంస్థల రిజిస్ట్రేషన్ కాలాన్ని పదేళ్లకు పెంచింది గానీ, అప్పటికే అయిదేళ్ల గడువు ముగియవస్తున్న పాత సంస్థలు 2025 సెప్టెంబర్ 30 లోగా పునరుద్ధరణకు దరఖాస్తు చేయవలసి వచ్చింది. ఆ దరఖాస్తులను తేల్చడానికి పెట్టిన గడువు 2026 మార్చి 31. ఆ మర్నాడే, అంటే ఏప్రిల్ 1న, కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ.