ఎయిడ్ అడిగితే సీటు పోతుందా? అమెరికా కాలేజీల పాత తగువు

అమెరికాలో డిగ్రీ కోసం కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకేసారి దరఖాస్తు చేసుకునే ఆన్‌లైన్ ఫారం) నింపుతుంటే ఒక ప్రశ్న వస్తుంది: అవసరాన్ని బట్టి ఇచ్చే ఆర్థిక సాయం, అంటే ఎయిడ్, కోరుతున్నారా, లేదా? ‘అవును’ అంటే సీటు చేజారుతుందేమోనని హైదరాబాద్‌లో ఎందరో తల్లిదండ్రులు మథనపడతారు. ఆ భయం ఉత్తుత్తిది కాదు.

1950ల చివర్లో ఐవీ లీగ్ విద్యాసంస్థలు (హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది పేరున్న విశ్వవిద్యాలయాలు), ఎంఐటీ కలిసి ‘ఓవర్‌ల్యాప్ గ్రూప్’ పెట్టుకున్నాయి. ఏటా వాటి ఎయిడ్ అధికారులు ఒకచోట కూర్చుని, ఒకే విద్యార్థికి రెండు మూడు చోట్ల సీటు వస్తే ఆ కుటుంబం ఎంత కట్టుకోవాలో ముందే ఖాయం చేసేవారు. మంచి విద్యార్థుల కోసం వేలంపాట లేకపోతేనే నిజంగా లేనివాళ్లకు డబ్బు మిగులుతుందని, అప్పుడే స్తోమత చూడకుండా సీట్లివ్వగలమని వాటి వాదన.

న్యాయశాఖ దాన్ని ధరల కుమ్మక్కు అంది. 1991లో కేసు పెడితే ఐవీ సంస్థలు రాజీకొచ్చాయి; ఎంఐటీ ఒక్కటే ససేమిరా అని కోర్టుకెక్కింది. 1992లో ఓడింది. 1993లో అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టాక ఆ కేసూ రాజీతోనే ముగిసింది. 1994లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ‘సెక్షన్ 568’ అనే చట్ట నిబంధన తెచ్చింది. ఎయిడ్ లెక్కగట్టే పద్ధతిని కలిసి రూపొందించుకోవచ్చు, కానీ స్తోమత చూడకుండా, అంటే ‘నీడ్ బ్లైండ్’గా సీట్లిచ్చే సంస్థలకే ఆ వెసులుబాటు.

అసలు చిక్కంతా ఆ షరతు దగ్గరే. 2022 జనవరిలో 16 ప్రసిద్ధ విశ్వవిద్యాలయాల మీద విద్యార్థులు దావా వేశారు. కొన్ని సంస్థలు విరాళాలిచ్చే సంపన్నుల పిల్లలకు పెద్దపీట వేశాయని, వెయిట్‌లిస్టు దగ్గర డబ్బు సంగతి చూశాయని వాళ్ల ఆరోపణ. సంస్థలు ఒప్పుకోలేదు, అయినా 2024 నాటికి పది సంస్థలు మొత్తం 28.4 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. అంత సొమ్ము కట్టి కూడా తప్పేమీ జరగలేదంటే నాకు మింగుడుపడదు. సెక్షన్ 568 గడువు 2022 సెప్టెంబరులో తీరిపోయింది. అంతకుముందే, 2013లో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, నీడ్ బ్లైండ్ అని చెప్పుకుంటూనే కొందరిని ఫీజు కట్టలేరన్న లెక్కతో వెయిట్‌లిస్టులోకి నెట్టినట్టు ఒప్పుకుంది.

మనవాళ్లు గమనించాల్సింది ఇంకొకటుంది. న్యూజెర్సీలో పుట్టిన పిల్లాడికీ, హైదరాబాద్‌లో ఉన్న అతని బాబాయి కూతురికీ ఒకే కాలేజీలో రెండు నియమాలు ఉండొచ్చు. పౌరులకు నీడ్ బ్లైండ్ పాటించే సంస్థల్లో చాలావాటికి విదేశీ విద్యార్థుల విషయంలో ఆ హామీ లేదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్ వంటి కొన్నే అందరికీ ఒకే నియమం పాటిస్తాయి. మిగతాచోట్ల ఎయిడ్ అడగడం సీటు మీద ప్రభావం చూపొచ్చు, ముఖ్యంగా అటో ఇటో తేలని అప్లికేషన్ల విషయంలో.

అలాగని ‘వద్దు’ అని టిక్ పెట్టి, చేరాక అడుగుదామనుకోవడం ఇంకా ప్రమాదం. చేరేటప్పుడు ఎయిడ్ అడగని విదేశీ విద్యార్థికి నాలుగేళ్లూ ఇచ్చేది లేదని చాలా కాలేజీలు ముందే రాసిపెడతాయి. పైగా విద్యార్థి వీసాకు కావాల్సిన కాలేజీ పత్రం ఐ-20 రావాలంటే మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపించక తప్పదు.