కండువా మారాకే వచ్చిన వంతెన

మా ఊరి వాగు మీద చప్టా ఏటా వానాకాలంలో మునిగిపోయేది. అలాంటి రోజుల్లో స్కూలు బస్సు అవతలి గట్టునే ఆగేది. నాన్నలు లుంగీలు ఎగగట్టి, పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని దాటించేవాళ్లు. వంతెన కట్టించమని ఊరివాళ్లు ఇచ్చిన వినతి పత్రాలకు లెక్కే లేదు. మేం గెలిపించిన ఎమ్మెల్యే ప్రతిపక్షంలో ఉన్నారు. "నా చేతుల్లో ఏముంది చెప్పండి" అనేవారు. నిజంగానే ఏమీ ఉండేది కాదు. పనులు, బదిలీలు, పింఛన్ల జాబితా, అన్నీ అధికార పార్టీ నియోజకవర్గ ఇన్‌ఛార్జి చెప్పినట్టే నడిచేవి. ఆ ఇన్‌ఛార్జి మా ఓట్లతో ఓడిపోయిన మనిషే.

ఒకరోజు పేపర్లో ఫొటో వచ్చింది. మా ఎమ్మెల్యే మెడలో కొత్త రంగు కండువా. "నియోజకవర్గ అభివృద్ధి కోసమే" అన్నారు. ఆరు నెలలు తిరక్కుండానే వంతెనకు శంకుస్థాపన జరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. మా మేనత్త మాత్రం "ఎవరి కండువా అయితే మనకేంట్రా, పిల్లలు తడవకుండా బడికి పోతారు" అంది. ఆ మాట కాదనలేకపోయాను. అలాగని కోపమూ తగ్గలేదు. ఈ ఫిరాయింపుల కథ మొదలెక్కడో చూద్దామని అప్పుడే అనిపించింది.

1967 ఎన్నికల్లో చాలా రాష్ట్రాల్లో కాంగ్రెస్ పట్టు సడలింది. నిలకడైన మెజారిటీ లేనిచోట ఒక్కో ఎమ్మెల్యేకు గిరాకీ పెరిగింది. హర్యానాలో ఇండిపెండెంట్‌గా గెలిచిన గయాలాల్ రెండు వారాల్లో మూడుసార్లు పార్టీ మారారు. 'ఆయా రామ్, గయా రామ్' అనే మాట ఆయన పేరు మీదే పుట్టింది. తెలుగులో మనం గోడ దూకడం అంటాం. దీని సంగతి చూడడానికి కేంద్రం అప్పటి హోంమంత్రి వై.బి. చవాన్ అధ్యక్షతన కమిటీ వేసింది. 1967-68లో పార్టీ మారిన 210 మందిలో 116 మందికి మంత్రి పదవులు దక్కాయని ఆ కమిటీ లెక్క తేల్చింది. సిద్ధాంతం నచ్చకే మారామని ఎవరన్నా చెబితే నాకు ఈ అంకే గుర్తొస్తుంది. అడ్డుకట్ట వేయడానికి 1973లో ఒక బిల్లు, 1978లో మరొకటి వచ్చాయి. రెండూ చట్టం కాలేదు.

తెలుగువాళ్లకు ఈ గొడవ పేపర్లో చదివితే తెలిసింది కాదు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను బర్తరఫ్ చేసి, సొంత పార్టీ నుంచే విడిపోయిన నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. ఎన్టీఆర్ అప్పుడే అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చారు. శాసనసభలో బలం నిరూపించుకుంటానన్నా అవకాశం ఇవ్వలేదు. తన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని, వీల్‌చైర్‌లో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబెట్టారు. ఎవరూ లాక్కుపోకుండా వాళ్లను కర్ణాటకలో దాచుకోవాల్సి వచ్చింది. ఇక్కడ జనం రోడ్లెక్కారు. ఆ నెల రోజులూ మా నాన్న సాయంత్రం వార్తల వేళకు పొలం నుంచి వచ్చేసి రేడియో ముందు కూర్చునేవారట. ఎన్టీఆర్‌కు ఓటేయని మా తాతయ్య కూడా పక్కనే కూర్చునేవారని నాన్న చెప్పేవారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఓటు వేయడంతో పని అయిపోదని, వేసిన ఓటుకు కాపలా కూడా కాయాలని మావాళ్లకు ఆ నెలలోనే తెలిసింది.

ఆ మరుసటి ఏడాదే, 1985లో, రాజీవ్ గాంధీ ప్రభుత్వం 52వ సవరణతో రాజ్యాంగంలో ఫిరాయింపులకు అడ్డుకట్ట వేసే పదో షెడ్యూల్ చేర్చింది. గెలిచిన పార్టీని తనంతట తాను వదిలేసినా, పార్టీ ఇచ్చిన ఓటింగ్ ఆదేశానికి (విప్‌కు) వ్యతిరేకంగా ఓటేసినా సభ్యత్వం పోతుంది. కానీ అందులోనే రెండు సందులు ఉన్నాయి. ఒక్కరు వెళితే వేటు పడుతుంది. మూడో వంతు మంది కలిసి వెళితే అప్పట్లో అది చీలిక అయ్యేది, వేటు ఉండేది కాదు. ఇక వేటు వేయాల్సింది స్పీకర్. ఆ స్పీకర్ మామూలుగా అధికార పార్టీ నుంచి వచ్చినవారే.

1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ భారీ మెజారిటీతో గెలిచారు. తొమ్మిది నెలలు తిరక్కముందే, 1995 ఆగస్టులో, సొంత ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది చంద్రబాబు నాయుడు పక్షాన వైస్రాయ్ హోటల్‌కు చేరారు. సెప్టెంబర్ 1న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. ఎవరిది ఒప్పు అన్న వాదన తెలుగు ఇళ్లలో ఇప్పటికీ తెగలేదు. నాకు పట్టింది వేరే సంగతి. ఈ చట్టం వచ్చి అప్పటికి పదేళ్లు. పార్టీ ఎవరిదో తేల్చాల్సి వచ్చినప్పుడు అక్కడ పనికొచ్చింది తలల లెక్క ఒక్కటే. జనం ఎవరిని చూసి ఓటేశారన్న ప్రశ్నకు ఆ లెక్కలో చోటు లేదు.

స్పీకర్ సంగతి 1992లోనే సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. కిహోటో హోలోహాన్ కేసులో అయిదుగురిలో ముగ్గురు న్యాయమూర్తులు స్పీకర్ అధికారాన్ని సమర్థిస్తూ, స్పీకర్ ఇచ్చే తీర్పును కోర్టులు సమీక్షించవచ్చన్నారు. మిగతా ఇద్దరు ఒప్పుకోలేదు. సభలో మెజారిటీ అండతో ఆ కుర్చీలో ఉండే మనిషి ఈ తగవు ఎలా తీరుస్తారని అడిగారు. నా మటుకు ఆ ఇద్దరి మాటే సరైనది. తర్వాత జరిగినవన్నీ చూస్తే ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

2003లో 91వ సవరణ మూడో వంతు చీలికను తీసేసింది. ఫిరాయించి అనర్హుడైనవారు మళ్లీ గెలిచేదాకా మంత్రి కాకూడదంది. మూడింట రెండు వంతుల మంది కలిసి వేరే పార్టీలో చేరే 'విలీనం' మాత్రం అలాగే ఉంచింది. ఇప్పుడు దారి అదే. లేదంటే స్పీకర్ దగ్గర ఫిర్యాదు ఏళ్ల తరబడి పడి ఉండటం. అనర్హత వేటు పడకపోతే మంత్రి కావడానికీ అడ్డు లేదు. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్లారు. 2017 ఏప్రిల్‌లో వారిలో నలుగురు మంత్రులయ్యారు. తెలంగాణలో 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. సరిగ్గా మూడింట రెండు వంతులు. 2023 ఎన్నికల తర్వాత 10 మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్లారన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పింది. దూకించిన పార్టీలూ, దూకుళ్లతో దెబ్బతిన్న పార్టీలూ చోట్లు మార్చుకుంటూనే ఉన్నాయి. ఏ ఒక్కరినో తిట్టి ఊరుకుంటే లాభం లేదు.

మణిపూర్‌లో ఒక ఎమ్మెల్యే ఫిరాయింపు కేసులో 2020లోనే సుప్రీంకోర్టు ఈ తగవులను స్పీకర్ నుంచి తీసి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పగించే సంగతి పార్లమెంటు ఆలోచించాలంది. ఆ పని జరగాలి. కానీ అదొక్కటే చేస్తే మా వాగు సమస్య తీరదు.

ఎందుకంటే "నియోజకవర్గ అభివృద్ధి కోసమే" అన్న మాటను నేను కొట్టిపారేయలేను. అది సాకు అయి ఉండొచ్చు. మా ఊరి వరకు మాత్రం నిజమైంది. అది నిజమైతే దాని అర్థం ఏమిటి? ప్రతిపక్షానికి ఓటేసిన ఊరికి రోడ్డు రాదు, వంతెన రాదు అనే కదా. ప్రతి మంత్రీ ప్రమాణం చేసేటప్పుడు "భయం గాని, పక్షపాతం గాని, రాగద్వేషాలు గాని లేకుండా" ప్రజలందరికీ న్యాయం చేస్తానని అంటారు. టీవీలో ఎన్నిసార్లు విన్నామో. ఓటేసినా వేయకపోయినా వాగు దాటే పిల్లాడికి ప్రభుత్వం వంతెన బాకీ ఉంది. ఆ బాకీ తీర్చడానికి ఎమ్మెల్యే కండువా మార్చాల్సి వస్తోందంటే, తప్పులో సగం నిధులు ఆపినవాళ్లది. పదో షెడ్యూల్ ఆ సగం జోలికి వెళ్లదు. నిధులు జనాభాను బట్టి, అవసరాన్ని బట్టి, అందరికీ కనిపించే లెక్కతో ఇస్తే ఫిరాయించేవాళ్లకు ఆ మాట అడ్డం పెట్టుకునే వీలుండదు.

వంతెన పని జరుగుతున్నప్పుడు సైటు దగ్గర ఒక ఇంజినీరుతో మాట్లాడాను. ఎస్టిమేట్ కొత్తగా వేయలేదని చెప్పారు. ఆ ఫైలు నాలుగేళ్లుగా ఆఫీసులోనే ఉందట. రేట్లు, తేదీ మార్చి పైకి పంపారు.