ఊదితేనే కదిలే కారు

అమెరికాలో తాగి బండి నడిపి శిక్ష పడ్డవాళ్ల కార్లలో డ్యాష్‌బోర్డు పక్కన వైరుకు వేలాడుతూ ఓ పరికరం కనిపిస్తుంది. పాతకాలం సెల్‌ఫోనంత ఉంటుంది, కొసన ప్లాస్టిక్ గొట్టం. బండి తీయాలంటే ముందు అందులో ఊదాలి. మందు వాసన తగిలిందా, స్టార్టరుకు కరెంటు వెళ్లదు. దీని పేరు ఇగ్నిషన్ ఇంటర్‌లాక్. 1986లో కాలిఫోర్నియా దీన్ని ప్రయోగంగా మొదలుపెడితే, 2005లో న్యూ మెక్సికో మొదటిసారి దొరికినవాళ్లకు కూడా తప్పనిసరి చేసింది. అద్దె కట్టుకోవాల్సింది సాధారణంగా దొరికినవాళ్లే.

లోపలున్నది బుల్లి ఫ్యూయల్ సెల్. ఊపిరిలోని ఆల్కహాల్ ప్లాటినం పొరను తాకగానే ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. నిలవున్న కల్లు పుల్లబడటం చూశారుగా, అదే రసాయనం. కుండలో బాక్టీరియా తీరిగ్గా చేసే పనిని ఇక్కడ ప్లాటినం క్షణాల్లో చేసేస్తుంది. ఆ మార్పులో ఎలక్ట్రాన్లు విడుదలై సన్నని కరెంటు పుడుతుంది. మందు ఎంత ఉంటే కరెంటు అంత.

ఊపిరిని కొలిచి రక్తం సంగతి ఎలా చెబుతుంది? 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఉండే ఆల్కహాల్, ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్నదానికి సమానమని లెక్క. ఇది సగటే, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. పైగా ఆ లెక్క ఊపిరితిత్తుల లోతుల్లోంచి వచ్చే గాలికే వర్తిస్తుంది. అందుకే ‘ఇంకా, ఇంకా’ అని దమ్ము అయిపోయేదాకా ఊదిస్తారు.

అక్కడ ఎక్కువ రాష్ట్రాల్లో చట్టం గీసిన గీత 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములు. మన దేశంలో 30. ఈ పరికరం మాత్రం సాధారణంగా 20, 25 దగ్గరే మొరాయిస్తుంది. మౌత్‌వాష్ పుక్కిలించి వెంటనే ఊదినా ఫెయిలే! అది నోట్లో మిగిలిన ఆల్కహాల్, పావుగంటలో పోతుంది. నీళ్లు పుక్కిలించి, కాసేపాగి మళ్లీ ఊదితే సరిపోతుంది.

బెలూన్‌లో గాలి పట్టుకొచ్చే తెలివిమంతులు ఎక్కడైనా ఉంటారు. వాళ్ల కోసమే కొన్ని పరికరాలు ఊదుతూనే ‘మ్‌...’ అని గొంతు కలపమంటాయి. బెలూన్ కూనిరాగం తీయలేదు కదా! స్నేహితుడితో ఊదిస్తే కెమెరా ఫొటో తీస్తుంది. దారిలో కూడా ఉన్నట్టుండి మళ్లీ ఊదమంటుంది. అప్పుడు ఫెయిలైతే ఇంజన్ ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. హైవే మధ్యలో బండి ఆపేస్తే అంతకంటే ప్రమాదం ఇంకేముంది? హారన్ మోగుతుంది, లైట్లు వెలిగి ఆరుతుంటాయి, ఫెయిలైన సంగతి మెమరీకి ఎక్కుతుంది.

పరికరం ఉన్నంతకాలం మళ్లీ తాగి దొరకడం సుమారు మూడింట రెండొంతులు తగ్గిందని అధ్యయనాలు తేల్చాయి. ఊడదీశాక మాత్రం కథ దాదాపు మొదటికే వచ్చింది. అందుకే వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో గడువు ముగిసినంత మాత్రాన విప్పరు. చివరి కొన్ని నెలల మెమరీ తెరిచి చూస్తారు. అందులో ఫెయిలు కనిపిస్తే గొట్టం ఇంకొన్నాళ్లు అక్కడే వేలాడుతుంది.